బానిష్డ్‌లో తొలి ఊరు: మొదటి పదేళ్లు నిలదొక్కుకునే పద్ధతి

ఊళ్లు కట్టే కంప్యూటర్ ఆటలలో చాలావరకు డబ్బు చుట్టూ తిరుగుతాయి. పన్నులు వసూలు చేయడం, అప్పు తీసుకోవడం, ఖజానా నిండగానే కొత్త వీధి వేయడం వాటి వరస. 2014 ఫిబ్రవరి 18న విడుదలైన బానిష్డ్ ఆటలో డబ్బు ప్రసక్తే లేదు. సొంత ఊరి నుంచి వెళ్లగొట్టిన కొన్ని కుటుంబాలు కొద్దిపాటి తిండి, పనిముట్లతో అడవిలో ఒక నది పక్కన దిగుతాయి. వారికి ఇళ్లు, పొయ్యిలోకి కట్టెలు, బట్టలు సమకూర్చి, ఒక తరం తరువాత మరో తరాన్ని బతికించుకుంటూ పోవడమే ఆట. ఇక్కడ గెలుపు గీత అంటూ ఏదీ లేదు, ఊరు ఖాళీ అయితే మాత్రం అది ఓటమే. షైనింగ్ రాక్ సాఫ్ట్‌వేర్ అనే పేరుతో ల్యూక్ హోడొరోవిచ్ అనే ఒకే ఒక్క ప్రోగ్రామర్ దీనిని తయారు చేశారు.

విశాఖలో కొత్తగా ఇటువంటి ఆటలలోకి దిగేవారికి దీనిని సూచించడానికి నాకున్న మొదటి కారణం చాలా మామూలుది. మధురవాడ, గాజువాక హాస్టళ్లలో ఇంజినీరింగ్ విద్యార్థుల దగ్గర ఉండే పాత లాప్‌టాప్‌లు ఇప్పటి పెద్ద ఆటలను మోయలేవు. బానిష్డ్‌కు మాత్రం డిస్క్‌లో 250 ఎంబీ చోటు, సాధారణమైన గ్రాఫిక్స్ సరిపోతాయి. విండోస్ ఉంటే చాలు, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో దొరుకుతుంది. రెండో కారణం, ఆటను అర్థం చేసుకోవడానికి ఒకే ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు. ఏ కట్టడాన్నైనా మొదలుపెట్టే ముందు దానికి కలప, రాయి ఉన్నాయా అని కాకుండా, దానిని నడపడానికి మనిషి ఉన్నాడా, ఆ మనిషి ఇప్పుడు చేస్తున్న పని ఆగిపోతే ఏమవుతుంది అని ప్రశ్నించుకోవాలి. కింద చెప్పిన సూచనలన్నీ ఈ ప్రశ్న నుంచి పుట్టినవే.

మొదలుపెట్టే ముందు ఎంపికలు

కొత్త ఆట తెరవగానే ఊరి పేరు, మ్యాప్ సంఖ్య, నేల తీరు, మ్యాప్ పరిమాణం, వాతావరణం, విపత్తులు, ప్రారంభ స్థితి అనే ఎంపికలు వరుసగా కనిపిస్తాయి. ఊరి పేరు మీ ఇష్టం. భీమిలి అని పెట్టుకున్నా అడిగేవారు లేరు గాని, ఈ ఆటలో నదులు, చెరువులే తప్ప సముద్రం ఉండదు. మ్యాప్ సంఖ్యకు ఒక ఉపయోగం ఉంది. మిగతా ఎంపికలు కూడా ఒకేలా ఉంచి, ఇద్దరు స్నేహితులు ఒకే సంఖ్య వేసుకుంటే ఇద్దరికీ ఒకే నేల వస్తుంది, అప్పుడు ఎవరి ఊరు ఎందుకు బాగుపడిందో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

నేల తీరులో లోయలు, కొండలు అని రెండు రకాలున్నాయి. కొండకూ కడలికీ మధ్య సందు వెతుక్కుంటూ పెరిగిన ఊరిలో ఉండేవారికి చదునైన నేల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మొదటి ఆటకు లోయలనే ఎంచుకోవాలి. పరిమాణం మధ్యస్థంగా ఉంటే చాలు. వాతావరణంలో అన్నిటికంటే మెతకదైన ఫెయిర్‌ను తీసుకోవాలి. విపత్తులను ఆపివేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత నీళ్లూ కరెంటూ లేకుండా గడిపిన రోజులు గుర్తున్నవారికి, ఊరు కట్టడం నేర్చుకుంటున్నప్పుడే సుడిగాలిని పిలుచుకోవద్దని నచ్చచెప్పడం కష్టం కాదు.

ప్రారంభ స్థితి విషయంలో మాత్రం నా సలహా కొందరికి వింతగా తోచవచ్చు. ఈజీలో ఆరు కుటుంబాలు, వారికి ముందే కట్టిన ఇళ్లు, నిండు గాదె, విత్తనాలు, పశువులు అన్నీ ఉంటాయి. మీడియంలో అయిదు కుటుంబాలు, గాదె, కొన్ని విత్తనాలు ఉంటాయి గాని ఇళ్లు మనమే కట్టాలి. హార్డ్‌లో నాలుగు కుటుంబాలే ఉంటాయి, విత్తనమూ పశువూ ఉండవు. కొత్తవారు సహజంగా ఈజీని ఎంచుకుంటారు. అయితే అందులో మొదటి రెండు చలికాలాలు ఏ ప్రయత్నం లేకుండానే గడిచిపోతాయి కనుక, ఏ పని ఎందుకు చేయాలో తెలియకుండానే ఊరు పెద్దదవుతుంది, ఆ తరువాత వచ్చే కరువుకు కారణం అంతుపట్టదు. ఆటలోనే ఉన్న శిక్షణ పాఠాలు ఒకసారి పూర్తి చేసి, నేరుగా మీడియంలో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

మొదటి వసంతం

ఆట వసంతం ఆరంభంలో మొదలవుతుంది. తెర తెరుచుకోగానే కాలాన్ని ఆపివేయాలి. ఆపి ఉంచినప్పుడు కూడా కట్టడాల స్థలాలు గుర్తించడానికి, దారులు గీయడానికి, పనులు పంచడానికి వీలుంటుంది. ముందుగా నది ఎటు ఉంది, దట్టమైన అడవి ఎటు ఉంది, నేల మీద రాళ్లు, ఇనుప ఖనిజం ఎక్కడెక్కడ చెల్లాచెదురుగా ఉన్నాయి అనేది చూసుకోవాలి. నేల మీది రాయి, ఇనుము ఏరుకున్న తరువాత మళ్లీ పుట్టవు. చెట్లు మాత్రం తమంతట తాము మొలుస్తాయి.

తరువాత గాదెకు దగ్గరగా ఒక స్టాక్‌పైల్, అంటే దుంగలు, రాయి, ఇనుము, కట్టెలు కుప్పవేసే ఆరుబయట స్థలం, గుర్తించాలి. తిండి, బట్టలు, పనిముట్లు గాదెలోకి వెళతాయి. ఊరి నడుమ రాబోయే ఇళ్ల స్థలంలోని చెట్లను, రాళ్లను తొలగించమని గుర్తు పెడితే ఏ వృత్తీ అప్పగించని కూలీలు ఆ పనికి వెళతారు. నేలా శుభ్రపడుతుంది, సామగ్రీ చేతికి వస్తుంది. మట్టి దారికి ఏ ఖర్చూ లేదు, దాని మీద మనుషులు వేగంగా నడుస్తారు కనుక ముఖ్యమైన దారులను మొదటి రోజే గీయడం మంచిది. రాతి దారి ఇంకా వేగం గాని, గడికి ఒక రాయి చొప్పున పడుతుంది కాబట్టి అది పదేళ్ల తరువాతి మాట.

ఇప్పుడు ఇళ్లు. ఒక చెక్క ఇంటికి 16 దుంగలు, 8 రాళ్లు కావాలి, అందులో అయిదుగురు ఉండగలరు. అయిదు కుటుంబాలకు అయిదు ఇళ్లంటే 80 దుంగలు, 40 రాళ్లు. చేతిలో ఉన్న దుంగలన్నీ ఇళ్లకే పోస్తే వుడ్ కట్టర్, అంటే దుంగలను పొయ్యి కట్టెలుగా చీల్చే చోటు, కట్టడానికి మిగలవు, కట్టెలు లేని ఇంట్లో చలికాలం గడవదు. అందుచేత మొదట తిండి సమకూర్చే కట్టడం ఒకటి (కింద చెప్పిన గ్యాదరర్స్ హట్ లేదా ఫిషింగ్ డాక్), వెంటనే వుడ్ కట్టర్, ఆ తరువాత ఒక్కొక్కటిగా ఇళ్లు అనే క్రమం అనుసరించాలి. ఒకేసారి ఏడెనిమిది స్థలాలు గుర్తిస్తే మేస్త్రీలు అన్నిటికీ కొంచెం కొంచెం సామాను మోసి, శరదృతువు వచ్చేసరికి ఏదీ పూర్తి చేయరు. స్థలాలు ముందే గుర్తించినా, ప్రతి కట్టడానికీ విడిగా ఉండే ఆపివేత మీట నొక్కి, రెండింటికి మాత్రమే అనుమతి ఇవ్వాలి. మేస్త్రీలుగా ముగ్గురు నలుగురు చాలు. మిగతావారు కూలీలుగా ఉండి సామగ్రి అందించకపోతే మేస్త్రీలు ఎందరున్నా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

చలిని లెక్కలోకి తీసుకోవడం

సముద్రపు ఒడ్డున ఉండే మనకు చలి అంటే డిసెంబరులో లంబసింగి వెళ్లి చూసి వచ్చే సంగతి. బానిష్డ్‌లో అది ప్రతి ఏటా ఇంటికి వచ్చి మనుషులను తీసుకుపోయే సంగతి కనుక, విశాఖ ఆటగాళ్లు మొదట్లో దీనినే తక్కువగా అంచనా వేయడం నేను చూస్తుంటాను. వేసవిలో కట్టెల అంకె ఎంత చిన్నదిగా ఉన్నా ఏమీ జరగదు. ఆ నిశ్చింతే కొంప ముంచుతుంది.

వుడ్ కట్టర్ దగ్గర ఒక్క మనిషి పనిచేస్తాడు. చదువుకోని మనిషి ఒక దుంగ నుంచి మూడు, చదువుకున్న మనిషి నాలుగు కట్టెలు తీస్తాడు. తొలి ఊరికి ఒక్క వుడ్ కట్టర్ సరిపోతుంది, కాని ఆ పని మొదటి వేసవి ముగిసేలోపు మొదలు కావాలి. చలి వేసిన మనిషి పని మధ్యలో వదిలి ఒళ్లు కాచుకోవడానికి ఇంటికి పరుగెత్తుతాడు. కోటు ఉంటే బయట ఎక్కువసేపు నిలుస్తాడు. కట్టెల కొరత మొదట ప్రాణాలు తీయదు, ముందు పనిగంటలు తీస్తుంది. పనిగంటలు తగ్గితే తిండి తగ్గుతుంది, తిండి తగ్గాక జరిగేది అందరికీ తెలిసిందే. కోట్లకు తోలు కావాలి, తోలు వేట నుంచి వస్తుంది. హంటింగ్ క్యాబిన్ మాంసంతోపాటు తోలునూ ఇస్తుంది కాబట్టి రెండో ఏడాదిలోపు అదీ, దాని వెంట ఒక టైలరూ ఉండాలి. రాతి ఇంట్లో కట్టెలు తక్కువ కాలుతాయి, అయితే దానికి 24 దుంగలు, 40 రాళ్లు, 10 ఇనుము పడుతుంది. నేల మీది రాయి తేలికగా దొరికే తొలి ఏళ్లలోనే దానిని రాతి ఇళ్లకు తగలేయడం పొదుపు కాదు.

తిండి ఎక్కడి నుంచి రావాలి

ఒక మనిషి ఏడాదికి సుమారు 100 యూనిట్ల తిండి తింటాడు. ఇది గుర్తుంటే ఊరి భవిష్యత్తును ఎప్పుడైనా ఒక్క క్షణంలో లెక్కవేయవచ్చు. జనాభా ఇరవై అయితే ఏడాదికి 2000 కావాలి. గాదెలో 1500 ఉండి, రోజురోజుకూ తగ్గుతూ ఉంటే చలికాలం చివర గండం ఉందన్నమాట. తెర మీద కనిపించే తిండి అంకెను విడిగా చూసి సంతోషించకూడదు, దానిని జనాభాతో భాగించి చూడాలి.

తొలి ఏళ్లలో నమ్మదగిన ఆహారం అడవి నుంచి వస్తుంది. గ్యాదరర్స్ హట్‌లో నలుగురు పనిచేస్తారు; పళ్లు, పుట్టగొడుగులు, దుంపలు, ఉల్లి ఏరి తెస్తారు. దానిని పెట్టేటప్పుడు తెర మీద ఒక వలయం కనిపిస్తుంది, ఆ వలయం అంతా ముదిరిన అడవితో నిండి ఉండాలి. పక్కనే ఫారెస్టర్ లాడ్జ్ పెడితే కొట్టిన చెట్ల స్థానంలో కొత్తవి నాటుతారు కనుక అడవి తరగదు, దుంగలకూ లోటుండదు. అదే వలయంలో హంటింగ్ క్యాబిన్, ఆకులు ఏరే హెర్బలిస్ట్ చేరితే ఒకే అడవి తిండి, తోలు, కలప, మందులు నాలుగూ ఇస్తుంది. హెర్బలిస్ట్‌కు ఒక్క మనిషి చాలు. ఈ నాలుగు కట్టడాల గుంపు పక్కన ఒక చిన్న గాదె, స్టాక్‌పైల్, ఒకటి రెండు ఇళ్లు వేస్తే, ఊరు ఎంత పెరిగినా తిరిగి వాడుకోదగిన ఒక నమూనా తయారైనట్టే. ఆ వలయంలో ఇళ్లు ఎక్కువ కట్టినా, చెట్లు కొట్టి పొలం వేసినా దిగుబడి పడిపోతుంది. అడవిని అడవిగానే ఉంచాలి.

చేపల విషయానికి వస్తే, ఫిషింగ్ డాక్ వలయంలో నీరు ఎంత ఎక్కువగా పడితే అంత మంచిది. నది మలుపు దగ్గర, నీటిలోకి పొడుచుకు వచ్చిన నేల మీద పెట్టాలి. ఒకే చోట రెండు డాకులు పెడితే చేపలను పంచుకుంటాయి గాని రెట్టింపు కావు.

పొలం గురించి కొత్తవారు ఎక్కువ ఆశ పెట్టుకుంటారు. పొలానికి కలప, రాయి అక్కరలేదు, నేల బాగుచేసే శ్రమ చాలు. గరిష్ఠ పరిమాణం 15 గడులకు 15 గడులు. అయితే వసంతంలో నాటితేనే శరదృతువుకు పంట చేతికొస్తుంది. మొదటి ఏడాది నేల శుభ్రపడేసరికి వేసవి నడుస్తూ ఉంటుంది, అప్పుడు నాటిన పంటను మంచు కాల్చేస్తుంది. కాబట్టి మొదటి ఏడాది పొలం స్థలం మాత్రమే సిద్ధం చేసుకుని, రెండో వసంతంలో సాగు మొదలుపెట్టడం ఉత్తమం. శరదృతువు ముదిరి, మంచు ముందే పడేలా ఉంటే పొలం మీద క్లిక్ చేసి ముందస్తు కోతకు ఆదేశించవచ్చు. సగం పంటైనా దక్కుతుంది. చలికాలంలో రైతులు కూలీలుగా మారి ఇతర పనులకు పనికివస్తారు, ఇది పొలానికున్న పెద్ద లాభం. తోటల చెట్లు కాయడానికి కొన్నేళ్లు పడుతుంది కనుక వాటిని తిండి కోసం కాక, రకం కోసం వేయాలి. పండు, కూర, ధాన్యం, మాంసం అనే నాలుగు వర్గాలలో ఎన్ని ఎక్కువ తింటే ఆరోగ్యం అంత బాగుంటుంది. తెర మీద గుండె గుర్తులు తగ్గుతున్నాయంటే తిండిలో రకం కొరవడిందేమో మొదట చూడాలి.

నడక అనే కనిపించని ఖర్చు

పనివాడి రోజులో ఎక్కువ భాగం పనిలో కాదు, నడకలో గడుస్తుంది. ఇంటి నుంచి పనిచోటుకు, అక్కడి నుంచి గాదెకు, ఆకలి వేసినా చలి వేసినా మళ్లీ ఇంటికి అతను నడుస్తూనే ఉంటాడు. విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేక, బైలదిల్లా ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదుగా కొండలు దిగి రావాల్సి రావడం ఈ నగరంలో ఎప్పుడూ చర్చకు వచ్చే విషయమే. ముడిసరుకు దూరంలో ఉంటే కొలిమికి ఎంత బరువు పడుతుందో ఆటలో చిన్న కమ్మరి దుకాణమే చూపిస్తుంది. బ్లాక్‌స్మిత్ ఒక దుంగ, ఒక ఇనుము కలిపి ఒక పనిముట్టు చేస్తాడు. ఆ రెండూ ఉన్న స్టాక్‌పైల్ పక్కనే అతని కొలిమి, పక్కనే అతని ఇల్లు ఉంటే ఒక్కడే ఊరంతటికీ సరిపోతాడు; ఊరి అవతల పెడితే ఇద్దరున్నా చాలరు.

దీని నుంచి వచ్చే ఆచరణ నియమం ఒకటే. దూరంగా ఒక పనిచోటు కడితే దాని పక్కన ఇల్లూ, గాదే కట్టాలి. కాని ఇంట్లో ఎవరు ఉండాలో మనం నిర్ణయించలేం, పని దగ్గర ఉన్నవారికే అప్పగించాలన్న నియమమూ లేదు. ఊరివారు తమలో తాము అప్పుడప్పుడు ఇళ్లు, పనులు మార్చుకుని సర్దుకుంటారు. ఒక మనిషి మీద క్లిక్ చేసి కొంతసేపు అతని వెంట కెమెరా నడిపిస్తే, పట్టికలేవీ చెప్పని సంగతులు తెలుస్తాయి. ఊరికి ముప్ఫై మంది దాటిన తరువాత ఒక మార్కెట్ కట్టి, దాని వలయంలో ఇళ్లు ఉండేలా చూస్తే, తిండి, కట్టెలు, బట్టలు అన్నీ ఒకే చోట దొరికి నడక తగ్గుతుంది.

పరిమితుల పట్టిక

ప్రతి ఉత్పత్తికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. దుంగల నిల్వ ఆ అంకెను తాకగానే ఫారెస్టర్లు చెట్లు కొట్టడం మానేస్తారు. తిండి పరిమితి తాకితే ఏరేవారు, వేటగాళ్లు, జాలర్లు ఆగిపోతారు. పనివాళ్లు పనిచోటే ఉండి ఏమీ చేయకపోవడం చూసి ఆటలో లోపం ఉందనుకునేవారు చాలామంది. ఊరు పెరుగుతున్నకొద్దీ ఈ అంకెలను పెంచుతూ పోవాలి, ముఖ్యంగా తిండికి, కట్టెలకు. పనిముట్ల పరిమితిని మాత్రం మరీ పెంచకూడదు, ఇనుము అనవసరంగా కరిగిపోతుంది.

ఇళ్లు, పిల్లలు, ముసలితనం

ఆటలో ఊళ్లు చచ్చిపోయేది చాలావరకు ఇక్కడే కనుక, ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను. కాలం ఒక ఏడాది గడిస్తే మనుషుల వయసు దాదాపు అయిదేళ్లు పెరుగుతుంది. పుట్టిన పిల్లవాడు పదేళ్ల వయసుకు, అంటే రెండు ఆట ఏళ్లకు, పనిలోకి వస్తాడు; బడి ఉంటే అతను మరికొంత కాలం చదువుకుని ఆలస్యంగా వస్తాడు. పదిహేను ఆట ఏళ్లు గడిచేసరికి మీరు మొదట చూసిన యువకులలో చాలామంది పోయి ఉంటారు.

పిల్లలు పుట్టాలంటే యువజంటకు సొంత ఇల్లు ఉండాలి. ఖాళీ ఇల్లు లేకపోతే పెరిగిన పిల్లలు తల్లిదండ్రుల ఇంట్లోనే ఉండిపోతారు, పెళ్లి చేసుకోరు, వయసు మళ్లుతుంది. అందువల్ల తిండి పుష్కలంగా ఉంది, అందరూ సుఖంగా ఉన్నారు, కొత్త ఇళ్లెందుకు అని ఆగిపోయిన ఊరిలో ఏడెనిమిదేళ్ల తరువాత ఒక్కసారిగా చావులు మొదలై, వారి స్థానం తీసుకోవడానికి పిల్లలు లేక పొలాలు బీడుపడతాయి. దీనికి భయపడి ఒకే ఏడాది పది ఇళ్లు కట్టినా నాశనమే. పది జంటలకూ వరుసగా పిల్లలు పుడతారు, ఆ పిల్లలందరూ పనిచేయకుండానే తింటారు, రెండేళ్లలో గాదె అడుగంటుతుంది. పైగా ఒకేసారి పుట్టినవారంతా ఒకేసారి ముసలివారై, మరో పదిహేనేళ్లకు అదే గండాన్ని మళ్లీ తెస్తారు.

మందు ఒకటే: కొద్దిగా, ఆగకుండా కట్టడం. తొలి అయిదు ఇళ్ల తరువాత ఏడాదికి ఒకటి, ఊరు నలభై దాటాక ఏడాదికి రెండు చొప్పున కట్టుకుంటూ పోవాలి. ప్రతి ఇంటికీ ముందు రెండు అంకెలు చూడాలి. గాదెలో తిండి జనాభాకు రెండేళ్లకు సరిపడా ఉందా అనేది మొదటిది, అంటే ముప్ఫై మందికి 6000. పెద్దలు, విద్యార్థులు, పిల్లలు అని విడివిడిగా కనిపించే జనాభాలో పిల్లల సంఖ్య పెద్దల సంఖ్యకు దగ్గరపడుతోందా అనేది రెండోది. పిల్లలు మరీ ఎక్కువైతే ఒక ఏడాది ఇల్లు ఆపి, బదులుగా మరో గ్యాదరర్స్ హట్ కట్టాలి. పిల్లలు తగ్గుతుంటే, తిండి కొంచెం తక్కువగా ఉన్నా సరే, ఇల్లు కట్టాల్సిందే. ఈ రెండో సందర్భంలోనే ధైర్యం చాలక ఊళ్లు పోగొట్టుకుంటారని నా అంచనా.

బడి, పనిముట్లు, బావి

బడిలో ఒక ఉపాధ్యాయుడు ఇరవైమందికి చదువు చెబుతాడు. చదువుకున్నవారి దిగుబడి ఎక్కువ, ఇది ఆటలో దాదాపు ప్రతి వృత్తికీ వర్తిస్తుంది. అయితే బడి కట్టిన మొదటి ఏడాదీ రెండో ఏడాదీ, పనిలోకి రావలసిన పిల్లలు బడికి వెళతారు కనుక కూలీల కొరత ఏర్పడుతుంది. మూడో ఏట, గాదె నిండుగా ఉన్నప్పుడు కట్టడం సరైన సమయం. ఉపాధ్యాయుడు చనిపోయి, ఆ స్థానానికి వెంటనే మరొకరు దొరకకపోతే ఆ తరగతి పిల్లలు చదువు వదిలి పనిలోకి వచ్చేస్తారు. అందుకే ఎప్పుడూ ఒకరిద్దరు కూలీలను ఖాళీగా ఉంచుకోవాలి.

పనిముట్లు అరిగిపోతాయి. అవి నిండుకుంటే ఊరంతా ఒకేసారి మందగిస్తుంది, అప్పుడు కమ్మరి కూడా పనిముట్టు లేకుండానే పనిముట్లు చేయాల్సి వస్తుంది కాబట్టి కోలుకోవడం కష్టం. నిల్వ జనాభాలో సగానికి తగ్గకముందే కొలిమి నడుస్తూ ఉండాలి. బొగ్గు దొరికితే ఉక్కు పనిముట్లు చేయవచ్చు, అవి ఎక్కువ కాలం నిలుస్తాయి. విపత్తులు ఆపివేసి ఆడుతున్నంత కాలం బావి అవసరం తక్కువ. వాటిని తెరిచి ఆడినప్పుడు నిప్పు ఒక చెక్క ఇంటి నుంచి మరో ఇంటికి పాకుతుంది కాబట్టి ప్రతి వాడకూ ఒకటి తప్పనిసరి.

నేల మీది రాయి అయిపోయాక

ఏడెనిమిదేళ్లకు ఊరి చుట్టూ రాయి, ఇనుము కనిపించవు. అప్పుడు రెండు దారులు. రాతి క్వారీ, గని మొదటి దారి. అయితే వీటిని ఒకసారి తవ్వితే ఆ గొయ్యి మ్యాప్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది, తీసివేయడానికి వీలులేదు, పైగా మనుషులను ఎక్కువగా మింగుతాయి. చిన్న ఊరికి నేను రెండో దారినే సూచిస్తాను, అదే ట్రేడింగ్ పోస్ట్. దానిని పెద్ద నది ఒడ్డున కట్టాలి. వర్తకుల పడవలు అప్పుడప్పుడు వచ్చి, కొంత కాలం ఆగి వెళ్లిపోతాయి. బేరమంతా వస్తుమార్పిడి. పడవ వచ్చాక సరుకు మోయడం మొదలుపెడితే అది వెళ్లిపోయేలోగా సగం కూడా చేరదు, కనుక పోస్టులో ఎంత నిల్వ ఉండాలో ముందే అంకె పెట్టి ఉంచాలి. అమ్మడానికి కట్టెలు శ్రేష్ఠం. ఒక దుంగ మూడు నాలుగు కట్టెలవుతుంది, అడవి తిరిగి మొలుస్తుంది. బదులుగా మొదటి పడవలలో విత్తనాలు, పశువులు, తరువాత రాయి, ఇనుము తీసుకోవాలి. ఫలానా సరుకు తెమ్మని వర్తకుడికి ముందే చెప్పవచ్చు గాని, దానికి ధర కొంత ఎక్కువ పడుతుంది.

పదో ఏడు దాటాక

పదో ఏట టౌన్ హాల్ కట్టుకుంటే తిండి, జనాభా ఏ దిశగా పోతున్నాయో గ్రాఫులలో చూడవచ్చు. ఆ దశలోనే సంచార కుటుంబాలు వచ్చి ఊరిలో చేర్చుకోమని అడగడం మొదలవుతుంది. చదువుకోని పెద్దలు, వారి పిల్లలు ఒక్కసారిగా గుంపుగా వస్తారు, వారితోపాటు రోగాలూ రావచ్చు. ఖాళీ ఇళ్లు, ఆసుపత్రి లేకుండా వారిని రానివ్వకూడదు. జనాభాలో ముసలివారు ఎక్కువై, పిల్లలు తగ్గిపోయిన ఊరికి మాత్రం వీరు ప్రాణదానం చేయగలరు కాబట్టి, అడిగిన ప్రతిసారీ తిప్పి పంపడమూ తెలివి కాదు. నిర్ణయం తీసుకునే ముందు కాలాన్ని ఆపి, గాదెలోని తిండి అంకెను వచ్చేవారితో కలిపిన జనాభాతో భాగించాలి. ఒక్కొక్కరికి 150 అయినా రాకపోతే ఆ ఏటికి నిరాకరించే మీట నొక్కి, తరువాతి వసంతానికి మరో పొలం, మరో అడవి గుంపు సిద్ధం చేసుకోవాలి.